గంటకు అరవై

చిదంబరం కాషాయం కట్టకముందు ఒంగోల్లో లెక్కల ట్యూషన్లు చెప్పేవాడు. గుడ్డ మారితే లెక్కలు వదుల్తాయా! గుండ్లకమ్మ ఒడ్డున మఠంలో చేరిన ఏడాదికి అతని మనసు ఓ పెట్టె మీద పడింది.

అది శవాలను ఉంచే ఐసు పెట్టె. దూరాన ఉన్న తమవాళ్ళు వచ్చేదాకా అని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మఠం నుంచి తీసుకెళ్ళేవారు. నాలుగు గంటలు ఉంచుకున్నా, మూడు రోజులు ఉంచుకున్నా పదిహేను వందలే.

"ఇది అన్యాయం స్వామీ," అన్నాడు చిదంబరం గురువుతో. "మొన్న ఆ రిక్షా అతను ఒక్క పూట కూడా ఉంచుకోలేదు. మిల్లు ఓనరు మూడు రోజులు ఉంచుకున్నాడు. ఇద్దరికీ ఒకటే అద్దెనా?"

గంటలు పెరిగేకొద్దీ అద్దె పెరిగేట్టు సుద్దముక్కతో నేల మీద ఏటవాలుగా ఒక గీత గీశాడు. "తెచ్చి పెట్టినందుకు ఐదు వందలు. ఆపైన గంటకు అరవై. ఎంత వాడితే అంత. పేదవాడికి మేలు."

పూర్ణయ్య స్వామి ఆ గీత వంక చాలాసేపు చూశారు. "నాకు లెక్కలు రావు నాయనా. న్యాయంగానే కనిపిస్తోంది. బోర్డు మీద రాయి."

జనం మెచ్చుకున్నారు. చిదంబరానికి కాస్త గర్వం కూడా వచ్చింది. రాదా మరి!

రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండల్లో, క్వారీ కూలీ ఆదెన్న పోయాడు. మధ్యాహ్నం పన్నెండింటికి చిదంబరమే పెట్టె తీసుకెళ్ళి ప్లగ్గు పెట్టి వచ్చాడు. ఆదెన్నకు ఒక్కతే కూతురు, అంకమ్మ. తిరుప్పూరులో బనియన్ల మిల్లులో పని. తెల్లారి ఆరింటికల్లా వస్తానని ఫోన్లో చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం పెట్టె తెచ్చుకోవడానికి గురువూ శిష్యుడూ ట్రాలీ ఆటోలో వెళ్ళారు. దహనం అయిపోయింది. ఆదెన్న భార్య పిచ్చమ్మ తడిబట్టలతో అరుగు మీద కూర్చుని ఉంది. పదిహేను వందల ఎనభై రూపాయలు తీసి చిదంబరం చేతిలో పెట్టింది.

అప్పుడే అంకమ్మ సంచితో పరిగెత్తుకొచ్చింది. నాయుడుపేట దగ్గర బస్సు చెడిపోయిందని, వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుందని తెల్లవారుజామున మళ్ళీ ఫోన్ చేసిందట. ఎవరినీ పలకరించకుండా పెట్టె దగ్గరికి పోయి, అద్దం మీది తడిని చున్నీతో తుడిచి లోపలికి చూసింది.

పెట్టె ఖాళీగా ఉంది.

"వస్తన్నానని చెప్పాగా అమా! ఎందుకు తీశారే?"

"పద్దెనిమిది గంటలకే సరిపోయినయ్యే తల్లీ," అంది పిచ్చమ్మ. "నా దగ్గరున్నయ్యి పదహారొందలు. నువ్వొచ్చేదాకా అంటే ఇంకో మూడొందల అరవై కావాల. వేళ్ళ మీద రెండుసార్లు లెక్కేశా. ఇరవయ్యే మిగిలినయ్. ఈ ఎండకి బయట ఉంచకూడదన్నారు అందరూ."

లెక్క ఎక్కడా తప్పలేదు. పాత అద్దె అయితే పదిహేను వందలు. ఆ పిల్ల నాన్న ముఖం చూసుకునేది.

అంకమ్మ అద్దం మీద తల పెట్టి గొల్లుమంది. ఆటో అతను పెట్టె ఎత్తబోయాడు.

"ఉంచు," అన్నారు స్వామి.

తానే వెళ్ళి ప్లగ్గు పెట్టారు. ఖాళీ పెట్టె గుయ్యిమని మొదలైంది. ఆయన దాని పక్కనే నేల మీద కూర్చున్నారు. చిదంబరమూ కూర్చున్నాడు. పొద్దు వాలి, ఆ పిల్ల తనంతట తాను లేచేదాకా ఎవరూ కదల్లేదు. వచ్చేటప్పుడు చిదంబరం ఆ డబ్బు పిచ్చమ్మ పక్కన అరుగు మీద పెట్టేశాడు. ఆమె దానివంక చూడనైనా లేదు.

దారిలో చిదంబరం ఏడుపు ఆపుకోలేకపోయాడు. "ఒక్క మాట అడిగి ఉంటే ఊరికే ఇచ్చేవాళ్ళం కదా స్వామీ!"

"ఇచ్చేవాళ్ళమే," అన్నారు పూర్ణయ్య స్వామి. కాసేపటికి కళ్ళు తుడుచుకున్నారు. "బోర్డు మీద ఆ ముక్క లేదు కదరా నాయనా. నేనూ చూసుకోలేదు."