ఎదురొచ్చిన సవతి

ఆ ఊళ్లో తుపాకీని కొనుక్కోరు. పెళ్లి చేసుకుని తెచ్చుకుంటారు.

ఇది ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు. దొంగలు వస్తారని ఒకాయన తెచ్చుకున్నాడట. దొంగలు రాలేదు. అది చూసి పక్కింటాయన కూడా తెచ్చుకున్నాడు. కొన్నాళ్లకు తుపాకీ లేని ఇంటికి పిల్లనివ్వడం మానేశారు. కమ్మరి కొలిమి దగ్గర దానికి పసుపు రాసి, పట్టుగుడ్డ చుట్టి, మేళతాళాలతో ఊరేగిస్తూ తీసుకొస్తారు. గడప దగ్గర ఇంటి ఇల్లాలు హారతిచ్చి, దాని మడమకు బొట్టు పెట్టి లోపలికి పిలవాలి. ఇంటిని కాపాడ్డానికి వచ్చింది కాబట్టి ఆ మాత్రం మర్యాద జరగాలంటారు.

గాజులమ్మే అతని భార్య కూడా హారతి పట్టింది. పళ్లెం తిప్పుతూ సవతిని చూసింది. నల్లగా, నున్నగా, సన్నగా ఉంది. నోరెత్తదు. ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. కాపురానికొచ్చే ఆడదానిలో ఆ ఊరు కోరుకునేవన్నీ దానిలో ఉన్నాయి.

ఆమె కడుపులో ఏదో మండింది. కర్పూరం సెగ అనుకుంది.

అతను రోజూ దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. వేలితో నూనె పట్టించేవాడు. భార్య తలకి నూనె రాసి ఎన్నాళ్లయిందో అతనికి గుర్తులేదు, ఆమెకు గుర్తుంది. ఒకరోజు ఆమె ఆ నూనె సీసాలోంచి కాస్త తీసి తన జుట్టుకు రాసుకుని అతని పక్కన కూర్చుంది. అతను గాలి పీల్చాడు. ముఖం వెలిగింది. లేచి వెళ్లి గోడమీద తుపాకీ భద్రంగా ఉందో లేదో చూసుకొచ్చాడు.

ఆ తర్వాత అతనికి నిద్ర కరువైంది. అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి వదిలేసేవాడు. గాజుల మలారం విప్పితే చాలు, ముఖం నల్లబడేది.

"విన్నావా?" అన్నాడొకసారి.

"గాజుల చప్పుడే కదా."

"గాజులు కాదే. నవ్వుతున్నారు. బజార్లో ప్రతి ఆడదీ నన్ను చూసి నవ్వుతోంది. ఆ నవ్వు ఆపాలి."

ఆ ఊళ్లో కాలు విరిగితే మంచం మీద మోసుకుపోవడానికి నలుగురూ పరిగెత్తుకొస్తారు. మనసు విరిగితే తలుపు వేసుకుంటారు. మనసుకు మందిచ్చే వైద్యురాలు ఒకామె ఊరి చివర ఉంది. ఆమె ఇంటి ముందు గుమ్మానికి దారి లేదు, గడ్డి మొలిచింది. వచ్చేవాళ్లు తలమీద తువ్వాలు కప్పుకుని పెరటివైపునుంచి వస్తారు.

గాజులతని భార్య గడ్డి తొక్కుకుంటూ ముందు గుమ్మంలోంచే వెళ్లింది. వైద్యురాలు అంతా విని, "ఆయన్ని తీసుకురా అమ్మా, నయమయ్యే జబ్బే," అంది. "అంతకంటే ముందు దాన్ని ఇంట్లోంచి పంపించెయ్."

"దాన్నా? నేను పుట్టింటికి పోతే ఆయన గమనించడు. అది పోతే ఊరంతా వెతుకుతారు."

"అది గోడమీద ఉన్నంతసేపూ నేనొకటి చెబుతుంటే అదొకటి చెబుతుంది. నాది పొడుగు మాట, నెలల తరబడి చెప్పాలి. దానిది పొట్టి మాట. నిద్రలేని మనిషికి పొట్టి మాటే ఎక్కుతుంది."

వైద్యురాలు కిటికీలోంచి కమ్మరి కొలిమి వైపు చూసింది. అక్కడ మగవాళ్లు బారులు తీరి ఉన్నారు. "రోజూ ఆ వరస చూసి కుళ్లుకుంటాను. నా దగ్గరికి దొంగల్లా వస్తారు. అక్కడికి సన్నాయితో వెళ్తారు."

"మీరు కూడానా డాక్టరమ్మా? నేనొక్కదాన్నే అనుకున్నాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో నవ్వు వినిపించి చాలా కాలమైంది.

ఆమె అక్కణ్నుంచి నేరుగా ఊరి పెద్దల దగ్గరికి వెళ్లింది.

"మా ఇంటి తుపాకీని కొన్నాళ్లు మీ దగ్గర ఉంచండయ్యా. ఆయనకు బాగోలేదు. వైద్యురాలికి చూపిస్తాను."

"ఏం బాగోలేదు? నడుస్తున్నాడు, బేరం చేస్తున్నాడు."

"బజార్లో ఆడవాళ్లు తనని చూసి నవ్వుతున్నారంటాడు."

"నవ్వుతారు మరి. మీ ఆడవాళ్లు నోరు మూసుకుంటే సగం జబ్బులు రావు," అన్నాడు ఒక పెద్దమనిషి.

ఇంకొకాయన కాస్త మెత్తగా చెప్పాడు. "చూడమ్మా, పిచ్చోడని పేరు పడితే ఆ ఇంటి తుపాకీకి ఎంత అవమానం? రేపు దాని ముఖం ఎవరు చూస్తారు?"

అక్కడే ఆమె పొరపాటు చేసింది. నిజం చెప్పింది. "ఆయన నాతో మాట్లాడ్డం మానేశాడు. దాంతోనే మాట్లాడుతున్నాడు."

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "అదీ సంగతి. ఇది సవతిపోరు. ఇనుము మీద అసూయేమిటే పిచ్చిదానా?"

అసూయ లేదని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. అబద్ధం రాలేదు.

సవతిపోరుకి ఆ ఊళ్లో పాత పరిష్కారమొకటి ఉంది. ఇద్దరు పెళ్లాలున్న ఇంట్లో వంతులు వేస్తారు. పెద్దలు అదే తీర్పు చెప్పారు. ఒకరోజు ఆమె వంతు, తుపాకీ గోడమీద ఉంటుంది. మర్నాడు తుపాకీ వంతు, అది అతని భుజాన ఉంటుంది. పెద్దరికానికి గుర్తుగా, దాని వంతు రోజున ఆమే దానికి బొట్టు పెట్టి భర్తకు అందించాలి. ఎంత న్యాయమైన తీర్పని ఊరంతా మెచ్చుకుంది. ఆమె వంతు రోజున అతను గోడకేసి చూస్తూ కూర్చునేవాడు.

తుపాకీ వంతు వచ్చిన ఒక పొద్దున ఆమె దాన్ని పట్టుకుని బావి గట్టు దాకా వెళ్లింది. సవతిని బావిలో తోసిన ఆడదాని గురించి ఊరు ఏం చెప్పుకుంటుందో గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి, బొట్టు పెట్టి, అతనికి అందించింది.

ఆ రోజే, పండక్కి కొత్త గాజులు తొడిగించుకోవాలని ఆడవాళ్లు గాజుల వీధిలో చేతులు చాపి కూర్చుని ఉన్నారు. కాసేపటికి ఆ వీధిలో గలగల ఆగిపోయింది. చివరి గుండు అతను తనకే ఉంచుకున్నాడు.

ఊరు ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. తర్వాత రెండుగా చీలింది. తప్పు మనసుదని సగంమంది అన్నారు. అయితే వైద్యురాల్ని ఊరి మధ్యకు తెద్దామా అంటే, ఇది దానికి సమయం కాదన్నారు. తప్పు తుపాకీదని మిగతా సగం అన్నారు. అయితే మీ ఇంట్లోవి కరిగిద్దామా అంటే, మా ఇంట్లోది అలాంటిది కాదన్నారు. చివరికి అందరూ కలిసి, మనసు జబ్బులకు పెద్ద ఆసుపత్రి కడతామని శంకుస్థాపన చేశారు. రాయి వేసినప్పుడు గౌరవంగా గాల్లోకి తుపాకులు పేల్చారు. వైద్యురాలు వెనక నిలబడి చెవులు మూసుకుంది. ఆ రాయి చుట్టూ కూడా గడ్డి మొలిచింది.

గాజులు పగలగొట్టి బొట్టు తుడవడానికి ఊళ్లోని విధవలు ఆమె ఇంటికొచ్చారు. పెద్దలు వాకిట్లో నిలబడ్డారు. ఆమె చేతులు చాపలేదు.

"ముందు దానికి తుడవండి," అంది.

"దేనికే?"

"ఆయనకి ఇద్దరం. మీరే వంతులు వేశారు. పోయిన రోజు దాని వంతు. నా కంటే ముందు అదే విధవ కావాలి."

పెద్దమనిషికి కోపం రాలేదు, జాలి వచ్చింది. "పిచ్చి తల్లీ, దానికి వైధవ్యమేమిటి? ఒక మొగుడు పోతే ఇంకో మొగుడొస్తాడు. అది నిత్య ముత్తైదువ."

ఆమె గాజులు పగిలాయి. ఆమె పెట్టిన బొట్టు మాత్రం తుపాకీ మడమ మీద చెక్కుచెదరకుండా ఉంది. ఆరోజు ఆమెకు పుట్టిన అసూయ ముందు పాత అసూయ పసిపిల్ల.

గాజుల వీధిలో తల్లిని పోగొట్టుకున్న మనిషి ఒకడు ఎదురింట్లో ఉన్నాడు. కొత్తగా పెళ్లయినవాడు. తల్లి పోయాక అతను తలుపుకెదురుగా కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. అతని భార్య ఒకరోజు పెరటి గోడ దగ్గరికొచ్చింది.

"అక్కా, కన్ను మూయట్లేదు. గోడతో మాట్లాడుతున్నాడు. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తానంటే పెద్దలు వద్దన్నారు. భయం పోవాలంటే తుపాకీని తెచ్చుకోమన్నారు."

"ఏ తుపాకీని?"

ఆ పిల్ల తల దించుకుంది. "మీ ఇంట్లోదే అక్కా. అనుభవమున్నదట."

పెళ్లి ఊరేగింపు బయల్దేరింది. సన్నాయి వీధి మలుపు తిరిగేసరికి విధవ ఎదురొచ్చింది. బోసి నుదురుతో, బోసి చేతులతో రోడ్డు మధ్య నిలబడింది. విధవ ఎదురొస్తే పెళ్లిమేళం వెనక్కి తిరగాలని ఆ ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. మేళం ఆగింది. తుపాకీ వెనక్కి పోయింది.

"ఏమే, సిగ్గు లేదా?" అని అరిచాడు పెద్దమనిషి.

"నా సవతి పెళ్లికి నేను రాకపోతే ఎలాగయ్యా?" అంది.

మరో మంచిరోజు చూశారు. మళ్లీ ఎదురొచ్చింది. ఆ ఊళ్లో తుపాకీ వెనక్కి నడవడం అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆడవాళ్లు కిటికీల వెనక నుంచి చూశారు.

మూడోసారి పెద్దలు ఆమెను ఇంట్లో పెట్టి తలుపు గొళ్లెం పెట్టారు. ఊళ్లో మిగతా విధవల ఇళ్ల ముందు కూడా కాపలా పెట్టారు. ఊరేగింపు అడ్డు లేకుండా ఎదురింటి గడప దాకా వచ్చింది. ఎదురింటతని భుజాన తుపాకీ ఉంది. దాని కొత్త పసుపు కింద పాత బొట్టు కనబడుతోంది.

అతని భార్య హారతి పళ్లెంతో బయటికి వచ్చింది. కర్పూరం వెలుగుతోంది. ఆమె తుపాకీని చూసింది, భర్త కళ్ల కింద నలుపును చూసింది. పళ్లెం కింద పెట్టింది. చేతిగాజులు ఒక్కొక్కటే తీసి పళ్లెం పక్కన పేర్చింది. పైట చెంగుతో నుదుటి మీది బొట్టు తుడుచుకుంది. గడప దిగి, భర్తకు ఎదురుగా నడిచింది.

మేళం దానంతటదే ఆగిపోయింది.

"ఏం పని ఇది?" అన్నాడతను. "నేను బతికే ఉన్నాను కదే."

"అవును," అంది. "అందుకే."

గొళ్లెం పెట్టిన ఇంటి కిటికీలోంచి గాజులతని భార్య ఇదంతా చూసింది. చూస్తుంటే కడుపులో పాత మంటే మళ్లీ లేచింది. ఈసారి అది తుపాకీ మీద కాదు. మొగుడు బతికుండగానే ఎదురు నిలబడ్డ ఆ పిల్ల మీద.