తడి పడుగు వదిలిన చౌడమ్మ

అనగనగా ఒక ఊళ్ళో ఇంటింటా మగ్గమే. ఊఁ కొట్టు మరి. మధ్యలో కళ్ళు మూస్తే ఊరుకోను.

ఆ ఊళ్ళో చౌడమ్మ అనే ముసలామె ఉండేది. నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేసింది. నేల లోపల చీమ నడిచినా ఆమె అరికాళ్ళకి తెలిసేదట.

ఆ ఊరికి ఒక కట్టుబాటు. తెల్లారగానే పడుగుని, అంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే నూలుని, వెడల్పాటి వీధి పొడుగునా సాగదీసి గంజి పట్టించేవాళ్ళు. ఆరేదాకా ఎవరూ చెయ్యి వదలకూడదు. వదిలితే పోగులు అంటుకుపోయి నూలంతా మట్టిపాలు. వదిలినవాళ్ళకి శిక్ష ఏమిటంటే, మూడు పడుగులకి వాళ్ళే గంజి పట్టించాలి.

ఒకనాడు కులపెద్ద బసవయ్య ఇంటి పెళ్ళిచీరల పడుగు. వీధి వీధంతా వరసగా నిలబడి పట్టుకున్నారు. ఒక కొసన చౌడమ్మ, పక్కనే కోడలు సుబ్బరత్నం. ఇంట్లో దూలానికి కట్టిన ఉయ్యాల్లో ఆరునెలల మనవరాలు నిద్రపోతోంది.

సరిగ్గా అప్పుడు, పది ఆమడల అవతల, నేల లోతున పెద్ద బండ ఫటామని విరిగింది! అందులోంచి ముగ్గురు అన్నదమ్ములు ఒక్కసారే బయలుదేరారు.

పెద్దవాడు తోపన్న. ముందుకు తోసి, వెనక్కి లాగి, మళ్ళీ తోసి, రైలుపెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకున్నట్టు పరుగెత్తుతాడు. రాయైనా సరే, నీళ్ళైనా సరే, దూరిపోతాడు. అందరికన్నా వడి వాడిదే. కానీ వాడి దెబ్బ తేలిక.

రెండోవాడు ఊపన్న. తాడు కొస పట్టుకుని ఆడిస్తే మెలికలు పోతుందే, అలా ఊగుతూ వస్తాడు. నీళ్ళలోంచి రాలేడు, గట్టినేలే కావాలి. వడి తక్కువ, బలం ఎక్కువ.

మూడోవాడు పొర్లన్న. లోతుకు దిగడు. నేల పైపైనే, నీళ్ళ మీద అల లేచి పడ్డట్టు పొర్లుకుంటూ వస్తాడు. అందరికన్నా వెనక వస్తాడు, అందరికన్నా ఎక్కువ పాడుచేస్తాడు!

అప్పుడు ఏమైందీ? ధడ్! ముందు తోపన్న వచ్చాడు. చౌడమ్మ అరికాళ్ళ కింద నేల తట్టింది.

"రత్నం, తెలిసిందా?"

"ఎవరో వడ్లు దంచుతున్నారు అత్తా."

"దంచేవాళ్ళంతా ఇక్కడే పడుగు పట్టుకున్నారు కదే!"

బసవయ్య నవ్వాడు. "చౌడక్కా, నీ కాళ్ళు ఇంకా మగ్గం గుంటలోనే ఉన్నట్టున్నాయి. పడుగు గట్టిగా పట్టు!"

చౌడమ్మ నవ్వలేదు. చిన్నప్పుడు పుట్టింటి ఊళ్ళోనూ మొదట ఇలాగే తట్టింది. అప్పుడు ఎవరూ లేచి బయటికి రాలేదు. ఆ తర్వాత లేవడానికి సగం మంది మిగల్లేదు.

ఆమె పడుగు వదిలేసింది!

తడి నూలు దుమ్ములో పడింది. జనం అయ్యయ్యో అన్నారు. చౌడమ్మ వెనక్కి చూడకుండా ఇంట్లోకి పరుగు.

అప్పుడు ఊపన్న వచ్చాడు. ఎవరూ ఊపకుండానే ఉయ్యాల ఇటూ అటూ ఊగింది. వీధిలో పడుగు పాములా మెలికలు పోయింది. చౌడమ్మ పిల్లని గుండెకి హత్తుకుని, గోడ పట్టుకుని, గడప దాటి వీధి నడుమకి వచ్చి పడింది.

ఆ తర్వాత పొర్లన్న వచ్చాడు. నేల లేచింది, పడింది, మళ్ళీ లేచింది! దూలం విరిగింది. కప్పు బండలు ధనధనా కూలి, సరిగ్గా ఉయ్యాల ఉన్న చోటే పడ్డాయి.

దుమ్ము అణిగింది. ఎక్కడా చప్పుడు లేదు. అంతలో పిల్ల హాచ్ అని తుమ్మింది! వీధంతా ఏడుస్తూ నవ్వారు.

చౌడమ్మ పిల్లని కోడలి చేతికిచ్చి కొంగు దోపుకుంది. "బసవయ్యా, తడి పడుగు వదిలాను. శిక్ష వెయ్యి."

"ఇంకా శిక్షేమిటి అక్కా!"

"నోరు ముయ్యి. కట్టుబాటు నాకూ ఒకటే. తెలిసే వదిలాను, రేపైనా వదులుతాను. శిక్షా పడతాను."

మాటంటే అదీ, నా బంగారమా. చేసిన పనికి తప్పించుకునే దారి వెతకలేదు.

మొదటి పడుగుకి చౌడమ్మ ఒక్కతే గంజి పట్టించింది. రెండోదానికి సుబ్బరత్నం వచ్చి గంజి కుంచె అందుకుంది. మూడోదానికి బసవయ్యే తలపాగా తీసి పక్కన పెట్టి, రెండో కొస పట్టుకున్నాడు.

అది ఆరాక అందరి ముందూ కొత్త కట్టుబాటు చెప్పాడు. "నేల తడితే, చేతిలో ఉన్నది ఏదైనా వదిలెయ్యాలి. ఇకమీదట శిక్ష వదిలినవాళ్ళకి కాదు, వదలనివాళ్ళకి!"

ఏదీ, నాతో పాటు అను:

తోపన్న తడితే బయటికి,
ఊపన్న ఊపితే బయలుకి,
పొర్లన్న పోయాకే పనికి,
కథేమో కదిలింది కంచికి,
కళ్ళు మూసుకుని మనం ఇంటికి!