వెనక్కి నడిచిన సుంకి

అనగా అనగా, మనుషుల కంటే ముందు రాళ్ళే వచ్చి కాపురం పెట్టిన ఒక ఊళ్ళో, సుంకి అని ఓ పిల్ల ఉండేది. తొమ్మిదేళ్ళది. నిలబడమంటే పరిగెత్తేది, నడవమంటే దూకేది. అవునమ్మా, అచ్చం నీలాగే. కాళ్ళు ఆడించకుండా దుప్పటి కప్పుకుని విను.

ఆ ఊరి వెనక చూపు ఆనినంత మేరా రాళ్ళే. మామూలు రాళ్ళనుకున్నావా! ఏనుగంత రాయి మీద ఎద్దంత రాయి, దాని మీద మేకంత రాయి. ఎవరు ఎత్తారో, ఎవరు పేర్చారో ఎవరికీ తెలీదు. చిటికెనవేలు తగిలితే పడిపోతాయేమో అన్నట్టు నిలబడి ఉండేవి. ఎన్ని గాలివానలు వచ్చినా ఒక్కటీ జారలేదు.

ఆ రాళ్ళ చివర కొండ ఒక్కసారిగా తెగిపోతుంది. గొడ్డలితో నరికినట్టు నిలువునా. సరిగ్గా ఆ అంచున ఒక పెద్ద బండ, ఆ బండకి నడిమధ్య ఎద్దులబండి పట్టేంత కన్నం. దాన్ని గాలివాకిలి అనేవాళ్ళు. అందులోంచి తొంగిచూస్తే కింద, ఎంతో కింద, ఎర్రటి లోయలో ఏరు పారుతూ కనిపిస్తుంది. అంత పెద్ద ఏరు, అక్కణ్ణించి చూస్తే ఓ తాడుముక్క అంతే.

సుంకికి ఒక జేజి ఉండేది. ఆ ఊళ్ళో నాయనమ్మని జేజి అంటారు. ఆవిడ పేరు ఓబుళమ్మ. ఏటా ఏటికి కొత్తనీళ్ళు రాగానే గాలివాకిలి దాకా నడిచివెళ్ళి చూసొచ్చేది. నలభై ఏళ్ళు చూసింది. కానీ ఇప్పుడు జేజికి కళ్ళు మసకబారాయి. చేయి చాపినంత దూరం వరకే కనిపిస్తుంది, ఆ పైన అంతా పొగ. వచ్చే ఏడాదికి ఆ కాస్తా ఉండదని ఆవిడకే తెలిసిపోయింది.

అప్పుడు జేజి సుంకిని పిలిచి అడిగింది. "కొత్తనీళ్ళు వచ్చినాయంట మే. కండ్లు పూర్తిగా పోకముందు ఒక్కసారి చూడాలని ఉంది. నన్ను తోడుకొని పోతావా?"

సుంకి ఎగిరి గంతేసింది. జొన్నరొట్టెలు మూట కట్టుకుంది, జేజి చెయ్యి పట్టుకుంది.

రాళ్ళలోకి వెళ్ళేవాళ్ళకి ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. ఏ రాయి దాటినా పది అడుగులు వేసి ఆగాలి. ఆగి, వెనక్కి తిరిగి, ఆ రాయి వీపు చూడాలి. చూసి దానికో పేరు పెట్టుకోవాలి. రాయి ముందువైపు పేరు ఊరంతటికీ ఒకటే. వెనకవైపు పేరు మాత్రం ఎవరికి వాళ్ళే పెట్టుకోవాలి, పైకి చెప్పకూడదు. ఇదేం చాదస్తం అని పిల్లలు నవ్వుకునేవాళ్ళు.

ఇద్దరూ బయల్దేరారు. ఊరి పక్కనున్న వంక, అంటే చిన్న వాగు, దాటారు. వంకలో అప్పటికి చుక్క నీరు లేదు.

మొదట దున్నపోతు రాయి వచ్చింది. కాళ్ళు ముడుచుకుని నెమరేస్తూ పడుకున్న దున్నపోతే! మూతి ఉంది, కొమ్ము ఉంది, చెవి దగ్గర గడ్డి కూడా మొలిచింది. సుంకి దాని చుట్టూ పరిగెత్తి దాటేసింది.

"తిరిగి చూసినావా మే?" అని అడిగింది జేజి.

"చూసినా జేజీ" అంది సుంకి. చూడలేదు.

ఆ తర్వాత గంపమ్మ రాయి వచ్చింది. తాటిచెట్టంత పొడుగు రాయి, దాని నెత్తిన గుమ్మడికాయలాంటి గుండు. సన్నటి మెడ మీద అంత బరువు ఎలా ఆగిందో! కిందనుంచి తలెత్తి చూస్తే మబ్బులు కదులుతుంటే గుండే కదిలినట్టుంటుంది. సుంకి మెడ విరిచి గుండునే చూసింది. కానీ ఆ అబ్బురంలో ఆగడం మర్చిపోయింది.

"తిరిగి చూసినావా?"

"చూసినా, చూసినా."

ఆ తర్వాత దొంతికుండల రాయి వచ్చింది. ఏడు గుండ్రటి రాళ్ళు, కుమ్మరి ఇంటి వాకిట్లో దొంతి పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి. వాటి సందుల్లోంచి గాలి దూరి ఊఁ అని మోగుతోంది. అవతల గాలివాకిలి కనిపిస్తూనే ఉంది. ఇంక సుంకి ఆగుతుందా?

"తిరిగి చూసినావా తల్లీ?"

"అబ్బా, చూసినా జేజీ, రా!" అని చెయ్యి లాగింది.

మూడుసార్లు అడిగింది జేజి. మూడుసార్లూ అబద్ధమే.

అప్పుడు గాలివాకిలి ముందు నిలబడ్డారు. ఏం చెప్పను బంగారం! లోయ గోడలు ఎర్రగా, పసుపుగా, మళ్ళీ ఎర్రగా, పొరలు పొరలుగా కిందికి దిగిపోయాయి. అట్టడుగున కొత్తనీళ్ళు మట్టిరంగులో సుడులు తిరుగుతున్నాయి. గద్దలు వీళ్ళ కాళ్ళకంటే కింద ఎగురుతున్నాయి. గద్ద వీపు చూడటం సుంకికి అదే మొదలు. తాను చీమంత అయిపోయినట్టు అనిపించింది. భయం వేసింది, ఆ భయం కూడా బాగుంది.

జేజి కళ్ళు చికిలించి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎర్రగా ఉంది. అంతే మే. నీళ్ళు కనపడలా" అంది.

సుంకి జేజి పక్కకి జరిగింది. గబగబా చెప్పడం మొదలుపెట్టింది, గద్దల గురించి, సుడుల గురించి, గోడల గురించి. జేజి విని తల ఊపింది. తర్వాత వాకిలి బండకి చెంప ఆనించింది. "ఇదో, ఇక్కడ చెవి పెట్టు" అంది. సుంకి పెట్టింది. లోయంతటి లోయ దాటి ఏటి హోరు బండలోంచి వినిపిస్తోంది, సన్నగా, ఒళ్ళంతా పాకేలా.

"చాల్లే, పోదాం" అని జేజి నవ్వింది. కానీ ఆ నవ్వు సగమే.

రొట్టెలు తిని లేచేసరికి పడమటి నుంచి నల్లటి మబ్బు లేచింది. ఊరి మీద వాన పడితే వంక పొంగుతుంది. వంక పొంగితే ఇల్లు చేరలేరు. సుంకి జేజి చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది.

తిరిగి చూస్తే దొంతికుండలు లేవు!

అక్కడ ఉన్నవి వంకరటింకర బండలు. వాటి మధ్య పది సందులు, పదీ ఒక్కలాగే ఉన్నాయి. పోయేటప్పుడు చూసిన రాయి వేరు, వచ్చేటప్పుడు కనిపించే రాయి వేరు. రాయి అదే, వైపే మారింది. సుంకి ఒక సందులో దూరింది. పాతిక అడుగులు వేసేసరికి కొండ అంచు! కాలి కింద రాయి జారి లోయలో పడింది. పడిన చప్పుడు ఎంతసేపటికో వచ్చింది. సుంకి చప్పున జేజిని వెనక్కి లాగింది.

"జేజీ, నీకు దొంతికుండల వీపు ఎట్లా కనపడేది?"

"పైకి చెప్పకూడదు గానీ, నాకు మా యమ్మ విసుర్రాయి తిప్పుతా ఉన్నట్టు కనపడేది. నీకు మా యమ్మ తెలవదు కదా, నీకు యాడ కనపడుతుంది? అందుకే ఎవురి పేరు వాళ్ళు పెట్టుకోవాలనేది. నువ్వేం పేరు పెట్టినావు?"

ఇంక దాచడానికేముంది? సుంకి భోరుమంది.

"నేను చూడలేదు జేజీ. ఒక్కదాన్ని కూడా చూడలేదు. అబద్ధం చెప్పినా."

జేజి తిట్టలేదు. దూరంగా ఉరిమింది.

"సరేలే. ఏడిస్తే దారి తెలుస్తాదా? నువ్వు చూసిందేదో అది చెప్పు" అంది.

సుంకి ముక్కు తుడుచుకుంది. తను చూసినవి ముందు మొహాలే. మరి ఆ మొహాలు ఇప్పుడెలా కనపడాలి? అప్పుడు దానికి ఒకటి తోచింది. కొన్ని అడుగులు అటు వేసి, గిరుక్కున వెనక్కి తిరిగింది. లేదు. ఇంకో సందులోంచి వెళ్ళి తిరిగింది. లేదు. మూడో సందు దాటి తిరిగి చూసింది. ఏడు కుండలూ దొంతి పెట్టి ఉన్నాయి!

"జేజీ! నేను వెనక్కి నడుస్తా! వచ్చేటప్పుడు చూసినట్టే అన్నీ కనపడతాయి!"

అలా మొదలైంది ఆ నడక. సుంకి మొహం గాలివాకిలి వైపు, జేజి మొహం ఊరి వైపు. ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. సుంకి దూరం చూసి దారి చెప్పేది. జేజి చేయి దూరంలో ఉన్న నేల చూసి అడుగు చెప్పేది. "ఎడమకి రా, గుంతుంది... ఇప్పుడు రాయి, కాలెత్తు..." రాళ్ళన్నీ ఒక్కొక్కటే వెనక్కి జరిగి వాటి చోట్లో అవి నిలబడ్డాయి. గంపమ్మ వచ్చింది, గంప దించకుండా నిలబడింది. చినుకులు మొదలయ్యాయి, తడిసిన రాళ్ళు కొత్తగా పుట్టినట్టు మెరిశాయి. దున్నపోతు వచ్చింది, దాని చెవి దగ్గర గడ్డిలోంచి నీళ్ళు కారుతున్నాయి. సుంకి అంత నెమ్మదిగా నడవడం పుట్టి బుద్ధెరిగి అదే మొదలు.

వంక చేరేసరికి నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి. ఇద్దరూ దాటారు. అవతలి గట్టు ఎక్కాక తిరిగి చూస్తే వంక గట్లు ఒరుసుకుంటూ పారుతోంది.

ఆ తర్వాత ఏడాది తిరిగింది. జేజికి ఆ చేయి దూరం చూపు కూడా పోయింది. ఏటికి మళ్ళీ కొత్తనీళ్ళు వచ్చాయి. సుంకి జేజి పక్కన కూర్చుని మెల్లగా అంది, "జేజీ, ఆ పొద్దు నీకు ఏరు కనపడనే లేదు కదా. నేను అబద్ధాలు చెప్పి సతాయించినా కూడా."

జేజి చెయ్యి చాపి సుంకి మొహం తడిమింది. నుదురు, ముక్కు, గడ్డం.

"ఏరు నలభై ఏండ్లు చూసినా. నీ మొగం ఎప్పుడు చూసినా నేను? ఒక్క నిముషం నిలబడే పిల్లవా నువ్వు? ఆ పొద్దు దారి పొడుగునా నా ముందరే ఉంటివి, చేయి దూరంలో. ఏడ్చిన కండ్లు, వానలో తడిసిన ముక్కు, అన్నీ చూసుకున్నా. ఇప్పుడు కండ్లు మూసినా తెరిచినా నాకు కనపడేది అదే మే."

సుంకి జేజి ఒళ్ళో తల పెట్టుకుని చాలాసేపు కదలకుండా ఉంది. అవును, సుంకే.

మర్నాడు సుంకి వాళ్ళమ్మతో కలిసి గాలివాకిలికి వెళ్ళింది. దొంతికుండల రాయి దాటి పది అడుగులు లెక్కపెట్టి ఆగింది. వెనక్కి తిరిగింది. ఆ రాయి వీపున, రెండు చేతులూ ముందుకు చాపి నెమ్మదిగా నడిచొస్తున్న ఒక ముసలమ్మ కనిపించింది. సుంకి చూస్తూ నిలబడిపోయింది. ఆ రాయికి ఏం పేరు పెట్టుకుందో పైకి మాత్రం చెప్పలేదు.

చెప్పకూడదు కదా మరి.

రాయి కొండ చెంతకి,
ఏరు లోయ పొంతకి,
కథ చేరె కంచికి,
నిద్ర చేరె కంటికి,
తిరిగి చూసి, తిరిగి చూసి
మనం చేరితిమి ఇంటికి.