కాలీ కాలని రాయి

చెల్లెలు పోయిందన్న కబురు విన్నా నిరంజనుడి కంట చుక్క నీరు రాలేదు.

భుజాల మీద ఎక్కించుకుని పెంచిన చెల్లెలు. కబురు తెచ్చిన మేనమామ వీరభద్రం వానకు తడిసిన కండువాతో ఆశ్రమం అరుగు మీద కూలబడ్డాడు. "మీ అమ్మ మంచం పట్టిందిరా. కర్మలకైనా రా," అని బతిమాలాడు. నిరంజనుడు లేచి గురువు మల్లప్పస్వామి దగ్గరికి వెళ్లాడు.

"స్వామీ, నా మనసు చలించలేదు. బంధం తెగినట్టే కదా? కాషాయం ఇప్పించండి. మామయ్యను తిరిగి పంపేస్తాను."

మూడేళ్లు పొయ్యి ఊదగానే ముక్తి వచ్చేసిందనుకునేవాళ్లు ప్రతి ఆశ్రమంలోనూ ఒకరుంటారు. మల్లప్పస్వామి కోప్పడలేదు. ఆయన ముఖం మాత్రం చిన్నబోయింది.

ఆ కొండ మీద కట్టెలు తక్కువ. పొరలు పొరలుగా ఊడివచ్చే నల్లరాతినే పొయ్యిలో వేస్తారు, అది మండుతుంది. స్వామి మూడు పలకలు తెచ్చి పెట్టారు. ఒకటి పచ్చిది. ఒకటి, జిడ్డు కారగానే ఇక కాలిపోయిందనుకుని ఆ ఉదయం నిరంజనుడు బయటికి లాగేసినది. ఇంకొకటి పొయ్యి అడుగున రెండు రోజులు మగ్గి చల్లారినది. ఒక్కోదాని మీద ఒక్కో నీటిబొట్టు వదిలారు.

పచ్చిరాయి బొట్టును నెమ్మదిగా తాగింది. రెండోదాని మీద బొట్టు నిలవలేదు, జారి నేలపాలైంది. మూడోది పడ్డ బొట్టును పడ్డట్టే పీల్చేసింది.

"నాలుకకు ఆనించి చూడు," అన్నారు స్వామి.

మూడో రాయి నాలుకను పట్టేసింది, లాగితేగానీ వదల్లేదు. రెండోది నున్నగా జారిపోయింది. నోరంతా చమురు కంపు.

"దీనికి బెజ్జాలు లేవా స్వామీ?"

"ఉండేవి. కాక తగలగానే లోపలి జిడ్డు కరిగి వాటిని పూడ్చేసింది. ఇంకా కాలితే ఆ జిడ్డే ఆవిరైపోతూ, తానున్నచోటల్లా కంటికి ఆనని బెజ్జాలు పెడుతుంది. మొదటివాటికన్నా ఎక్కువ."

స్వామి ఆ రెండో రాయిని అతని చేతిలో పెట్టారు. "దీన్ని పొయ్యిలోంచి తీసిందెవరు?"

నిరంజనుడు ఆ రాయిని చూశాడు. తర్వాత దాన్ని కింద పెట్టి, స్వామి పాదాలకు మొక్కి, ఆ వానలోనే ఊరిదారి పట్టాడు.

అరుగు మీంచి వీరభద్రం కంగారుగా లేచాడు. "తోడబుట్టింది పోతే వీడు ఏడవడేంటి స్వామీ? నాకు భయంగా ఉంది."

"ఇప్పుడే కాలుతున్నాడు నాయనా," అన్నారు స్వామి. "దారిలో ఏడిస్తే ఓదార్చకు."