ఖాళీ బుడ్డిలో మసి సిరా

రాజుగారి కొలువులో చిట్టెయ్య లేఖకుడు. తన రాత కోడి కెలికినట్టుంటుందని తనే చెప్పుకునేవాడు. సిరాబుడ్డి ఖాళీ అయితే కొత్తది కొనకుండా, దీపపు మసీ తుమ్మజిగురూ కలిపి అందులోనే నింపుకునేవాడు.

సిరాబుడ్లు అమ్మే భూషణరాయుడికి ఒళ్లు మండింది. "ఆ మసి సిరా నెల తిరక్కుండా వెలిసిపోతుంది, వీణ్ణి కొలువులోంచి తీసెయ్యండి" అని ఫిర్యాదు పెట్టాడు. కోటలో ఏ ఫిర్యాదైనా లేఖకుడే రాయాలి కాబట్టి, అదీ చిట్టెయ్యే రాశాడు. ఊపులో తన మీద తనే రెండు తిట్లు అదనంగా చేర్చాడు.

దాని వంతు వచ్చేసరికి ఏడాది గడిచింది. చదివి రాజుగారు చిట్టెయ్య మీద కళ్లెర్రజేశారు. "ఏమంటావురా?"

"అది రాసింది ఆ మసి సిరాతోనే, ప్రభూ. వెలిసిపోయుంటే తమరు చదవగలిగేవారా?"

రాజుగారు నిట్టూర్చారు. "సిరా నిలిచింది, సరే. దాంతోపాటు నీ రాత కూడా నిలిచిపోయిందే, అదిరా నా బాధ!"