కావలి కొండముచ్చు, కంటికింద సంచులు

ఎర్రగుట్టల వెనకనున్న అడవిలో ఎండలు ముదిరాయంటే నీళ్లు ఒక్క చెలమలోనే మిగులుతాయి. ఆ చెలమకు ఒక పక్క బండలు, మిగతా పక్కలంతా నడుమెత్తు గడ్డి. ఎండిన ఆ గడ్డిలో చిరుతపులి పడుకుంటే దానిమీద కాలేసేదాకా తెలీదు. అందుకే దుప్పులు నీళ్లకు దిగాలంటే పైనుంచి ఎవరో ఒకరు చూసి చెప్పాలి.

ఆ చెప్పేవాడు కొండముచ్చు గవరయ్య. ఒడ్డునున్న నల్లమద్ది చిటారుకొమ్మ అతని చోటు. గాలి ఒక వైపు వీస్తుంటే ఒక్క గడ్డిపోచ ఇంకో వైపు వాలినా సరే, "ఖకర్" మని అడవంతా అదిరేట్టు అరిచేవాడు. దుప్పులు ఆ అరుపు విని బతికేవి. వాటి ముసలి పెద్ద నాగరత్నం ప్రతి ఉదయం చెట్టుకింద నిలబడి, "గవరయ్యన్నా, దిగమంటావా?" అని అడిగేది. "దిగండమ్మా" అంటేనే మంద కదిలేది.

గవరయ్యకు వయసు మీదపడింది. చూపు మాత్రం తగ్గలేదు. కళ్లకింద చర్మం వదులై రెండు చిన్న సంచుల్లా వేలాడింది, వాటి కింద గుంటలు పడ్డాయి. అడవిలో అద్దాలుండవు కాబట్టి ఆ సంగతి అతనికి తెలీదు. తెలియజెప్పినవాడు నక్క శేషాచలం.

శేషాచలం చిరుత వెనకాల తిరిగి, అది వదిలేసిన ఎముకలతో బతికేవాడు. గవరయ్య కొమ్మెక్కినంత కాలం చిరుతకు వేట దొరకదు. చిరుతకు దొరక్కపోతే శేషాచలం కడుపు కాలుతుంది. ఒక పొద్దున దుప్పులన్నీ నీళ్లు తాగుతుండగా అవతలి గట్టుమీద నిలబడి గొంతెత్తాడు.

"గవరయ్య బావా, నిద్ర సరిగా పట్టడం లేదా?"

"హాయిగా పడుతోందే. ఏం?"

"ఏం లేదులే. కళ్లకింద ఆ వేలాడేవి చూసి అడిగాను. మా తాతకూ అలాగే వేలాడాయి. ఆ తర్వాత పాపం, పొదకీ పులికీ తేడా తెలిసేది కాదు."

అంతే అని తోక ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి పడుచు దుప్పుల్లో గుసగుసలు మొదలయ్యాయి. "నిజమేనే, ఎలా వేలాడుతున్నాయో చూడు." "ఆ కళ్లకు గడ్డి కనబడుతుందంటావా?" "నిన్న అరిచింది పులిని చూసా, కలగనా?" నాగరత్నం గిట్టతో నేలను తన్ని గద్దించింది. "నోళ్లు మూయండి. మీరు పుట్టకముందు నుంచి ఆయన చూపుమీదే నీళ్లు తాగుతున్నాం." గుసగుసలు ఆగలేదు. కాస్త దూరం జరిగాయి, అంతే.

గవరయ్య చెలమలోకి వంగి చూసుకున్నాడు. నీళ్లలోంచి ఎవరో ముసలివాడు అతనికేసి చూశాడు.

"ఏమే ఆదెమ్మా," అన్నాడు ఆ సాయంత్రం భార్యతో, "నా ముఖం ఎప్పటినుంచి ఇలా ఉంది?"

"చాన్నాళ్లయింది. అయితే ఏం? చూసేది కళ్లు గానీ సంచులు కాదు గదా."

"వాళ్లకు నామీద గురి పోతే నేను అరిచినా పరిగెత్తరే. అదీ నా భయం."

అందులో సగం నిజమే. మిగతా సగం నీళ్లలో కనబడ్డ ముసలివాడు.

వాగు పక్క ఈతచెట్టు మీద గిజిగాడు పుల్లయ్య ఉండేవాడు. ముక్కుతో కోసి, నారతో కుట్టే వైద్యం అతనిది. హస్తవాసి మంచిది, మాట మాత్రం మొరటు. తన దగ్గరికి వచ్చిన గవరయ్య ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పైకి చూడు. ఊఁ. ఇప్పుడు నవ్వు."

"నవ్వాలా?"

"నవ్వు రాకపోతే పళ్లికిలించు. సంచి ఎంత ముందుకొస్తుందో చూడాలి." చూసి తల ఆడించాడు. "ఒట్టి గుంట అయితే పూడ్చొచ్చు. నీది సంచి. ఆ గుంటలా కనబడేది చాలావరకు సంచి పడేసిన నీడే. దాన్ని పూడిస్తే లాభం లేదు, కోయాలి. రెప్ప అంచున సన్నగా గీసి, లోపల ముందుకు తోసుకొచ్చిన కొవ్వును సర్ది, కుట్టేస్తాను."

"నొప్పి పుడుతుందా?"

"పుడుతుంది. పుట్టదని చెప్పేవాణ్ణి నమ్మకు. వాపు వస్తుంది, చుట్టూ కములుతుంది. పక్షం రోజులు చెట్టెక్కడం మాట మరిచిపోవాలి."

"ఏదైనా తేడా జరిగితే?"

పుల్లయ్య ముక్కుతో కింది పొదకేసి చూపించాడు. అక్కడ ఒక కుందేలు కూర్చుని ఉంది. దాని ఒక కంటి కింది రెప్ప కిందికి జారి, లోపలి ఎరుపు బయటికి కనబడుతోంది. ఆ కంట్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"అది నా చేతి పనే. వెంట్రుకవాసి ఎక్కువ తెగింది. అందరికీ అలా కాదు. ఎవరికీ కాదని మాత్రం చెప్పలేను." అని రెక్కలు సర్దుకున్నాడు. "ఏమీ చేయించుకోకపోయినా నష్టం లేదు గవరయ్యా. నీ చూపు నిక్షేపంగా ఉంది. ఆలోచించుకుని రా."

గవరయ్య ఆ కుందేలు వైపు మళ్లీ చూడకుండా వచ్చేశాడు.

ఆదెమ్మ విని, "ఇంకేం, ఊరుకో," అంది. "లేదూ, చేయించుకుంటావా, చేయించుకో. పక్షం రోజులేగా, నీ తమ్ముడి కొడుకు కొమ్మెక్కుతాడు. మధ్యలో ఈ నలగడం వద్దు."

"ఒకసారి కొమ్మ దిగినవాణ్ణి మళ్లీ ఎక్కనిస్తారా?"



మర్నాడు దారిలో శేషాచలం ఎదురయ్యాడు. ఊరక రారు మహానుభావులు. అతని చెవిమీద ఒక కందిరీగ వాలి ఉంది.

"పుల్లయ్య దగ్గరికి వెళ్లావట. కోయించుకుంటావా ఏంటి బావా, ఈ వయసులో?"

"ఇంకా తేల్చుకోలేదు."

"తేల్చుకోడానికేముంది? కుందేల్ని చూశావుగా. కోత లేకుండా పనవుతుంటే కత్తికి కన్ను అప్పజెప్పడం దేనికి? ఈ కందిరీగ మనదే. కళ్లకింద చిన్న పోటు పొడుస్తుంది. లోపల్నుంచి నిండుగా పొంగి చర్మం బిగుసుకుంటుంది. పొద్దున పొడిపించుకున్నవాడివి సాయంత్రానికి కొమ్మమీదుంటావు."

"నాది పూడ్చేది కాదని పుల్లయ్య అన్నాడే."

"వడ్రంగిపిట్టకు నున్నటి చెట్టు కనబడితే ముక్కు దురద. కోత నేర్చినవాడు కోతే చెబుతాడు."

"నీకేం కావాలి?"

"నాకా? కావలి బాగుంటే అడవి బాగుంటుంది. అంతకన్నా ఏం కావాలి బావా."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. గవరయ్యకు ఆ మాటలకన్నా, కొమ్మ దిగక్కర్లేదన్న ఒక్క సంగతి నచ్చింది. కళ్లు మూసుకుని ముఖం చాపాడు.

మంట బ్రహ్మరంధ్రానికి ఎక్కింది. మర్నాటికి మంట తగ్గింది, ముఖం నిండింది. ముడతలు పోయాయి, గుంటలు సమానమయ్యాయి. కొమ్మమీద కూర్చున్న గవరయ్యను చూసి పడుచు దుప్పులు, "మామా, పదేళ్లు తగ్గావే!" అన్నాయి. గవరయ్య ఆ రోజు అవసరం లేకపోయినా రెండుసార్లు కిందికి దిగి వాటి మధ్య తిరిగాడు.

కందిరీగ వాపు ఎన్నాళ్లుంటుంది? కొద్ది రోజుల్లో దిగిపోయింది. పొంగి సాగిన చర్మం మునుపటికన్నా కిందికి జారింది. గవరయ్య మళ్లీ వెళ్లాడు. ఈసారి వాపు ఇంకా తొందరగా దిగింది. మళ్లీ వెళ్లాడు. ఆదెమ్మ తిట్టింది, ఏడ్చింది, ఆఖరికి మాట్లాడటం మానేసింది. ఒకరోజు పుల్లయ్య గడ్డిపోచకోసం అటు ఎగురుతూ వచ్చి అతని ముఖం చూసి ఆగిపోయాడు.

"పొడిపించుకున్నావు కదూ? సంచిమీద నింపితే సంచే పెద్దదవుతుందయ్యా. ఇక్కడితో ఆపు. ఇంకా పొడిపించావంటే నేనూ ఏం చేయలేను."

గవరయ్య ముఖం అటు తిప్పుకున్నాడు. కుందేలు కన్ను అతని కళ్లముందు మెదిలింది. 'నువ్వా నాకు చెప్పేది' అనుకున్నాడు.

ఇంతలో ఎండలు ఇంకా ముదిరాయి. పక్క లోయలో నీళ్లు పూర్తిగా ఎండిపోయి, అక్కడి దుప్పుల మంద కూడా ఈ చెలమకే వస్తానని కబురంపింది. కొత్త మంద. కొత్త కళ్లు. వాళ్లు మొదటిసారి తలెత్తి చూసేది తననే అని గవరయ్యకు దిగులు పట్టుకుంది.

ఆ దిగులు శేషాచలానికి అతనికన్నా ముందే తెలుసు. "ఈసారి ఒక్కో కంటికింద రెండేసి పోట్లు వేయిద్దాం బావా. ఎండాకాలమంతా నిలుస్తుంది," అన్నాడు.

సాయంత్రం పొడిపించుకున్నాడు. మర్నాడు తెల్లవారింది. గవరయ్యకు తెల్లవారలేదు.

ముఖం కుండలా ఉబ్బింది. రెప్పలు ఒకదానిమీదొకటి అతుక్కుపోయాయి. వేళ్లతో విడదీస్తే సందులోంచి మసక వెలుతురు, అంతే. చేతులతో తడుముకుంటూ అలవాటు కొద్దీ చిటారుకొమ్మకు ఎక్కాడు. ఆదెమ్మ వెంటబడి ఎక్కి, అతని ముఖం చూసి గుండెలు బాదుకుంది.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు చేసుకున్నావు కదయ్యా! దిగు. నీకు కనబడటం లేదు."

"కనబడుతోంది."

"నా చేతిలో ఏముందో చెప్పు."

గవరయ్య చెయ్యి చాపి తడమబోయాడు.

"ఉండు. నీ తమ్ముడి కొడుకును పిలుచుకొస్తా. దుప్పులొస్తే ఆగమని చెప్పు. ఒక్క మాట. కాసేపు ఆగమను." అని కొమ్మలమీదుగా దూకుతూ వెళ్లిపోయింది.

ఆమె వెళ్లిన కాసేపటికే ఎండుటాకులమీద గిట్టల చప్పుడు వినబడింది. ఒక మంద కాదు, రెండు. నల్లమద్ది కింద ఆగాయి. తెలియని గొంతు ఒకటి, "ఇతనేనా మీ కావలి?" అని అడిగింది. "ఇతనే. ఇలాంటి చూపు ఈ చుట్టుపక్కల లేదు," అని నాగరత్నం గొంతు గర్వంగా జవాబిచ్చింది.

ఆ మాటకు గవరయ్య ఛాతీ నిండింది. ముఖం కనబడకుండా ఆకుల్లోకి ఒదిగాడు.

"గవరయ్యన్నా, దిగమంటావా?"

చెవులు రిక్కించాడు. గాలి లేదు. గడ్డి చప్పుడు చేయడం లేదు. చప్పుడు లేకపోతే పులి లేనట్టే అనుకున్నాడు. ఆగండి అనాలి. అంటే, ఎందుకని అడుగుతారు. తలెత్తి చూస్తారు. కొత్త మంద కూడా చూస్తుంది.

"దిగండమ్మా," అన్నాడు.

నాగరత్నం అందరికన్నా ముందు దిగింది. ఎప్పుడూ ఆమే ముందు. నీళ్లలో గిట్ట పడిన చప్పుడు అతనికి వినబడింది. ఆ వెంటనే గడ్డి చీలింది. ఏదో బరువు మీదపడిన చప్పుడు, నీళ్లు చిందిన చప్పుడు, వందల గిట్టలు వెనక్కి తిరిగిన చప్పుడు. గవరయ్య గొంతు చించుకుని "ఖకర్, ఖకర్" అని అరిచాడు. అప్పటికే అందరికీ తెలిసిన సంగతిని అతనొక్కడూ అరిచి చెబుతున్నాడు. నీళ్లలో కాళ్లు కొట్టుకోవడం వినబడింది. చాలాసేపు కొట్టుకున్నాయి. తర్వాత ఆగిపోయాయి.

ఎముక విరిగిన చప్పుడు మధ్యలో తెలిసిన గొంతొకటి పైకి తేలింది.

"నిదానంగా కానివ్వండి దొరా. పైన కావలి లేడు. ఉన్నవాడికి కళ్లు నేనే మూయించాను."

గవరయ్య కొమ్మను కౌగిలించుకుని ఉండిపోయాడు. ఆదెమ్మ, ఆమె వెనకాల తమ్ముడి కొడుకు వచ్చేసరికి కింద నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆదెమ్మ అతన్ని చెయ్యి పట్టుకుని కొమ్మ కొమ్మా దించింది.

వాపు తగ్గడానికి చాలా రోజులు పట్టింది. ఒక కన్ను తెరుచుకుంది. రెండోదానికి తెల్లటి పొర కమ్మింది. ఆదెమ్మ బతిమాలితే పుల్లయ్య వచ్చి చూశాడు. "లోపలంతా గడ్డకట్టింది. ఇక కోతా లేదు, పూతా లేదు," అని చెప్పి, తిట్టడానికి నోరు రాక ఎగిరిపోయాడు.

శేషాచలానికి ఏమైందని అడుగుతారేమో. ఏమీ కాలేదు. ఆ ఎండాకాలం కడుపునిండా తిన్నాడు.

దుప్పులు తమ్ముడి కొడుకును కావలి పెట్టుకున్నాయి. తొలకరి పడి, ఎక్కడి నీళ్లు అక్కడ దొరికే రోజులొచ్చాక, అవి చెలమ వదిలి కొండ దాటడానికి బయల్దేరాయి. వెళ్లేముందు నాగరత్నం కూతురు నల్లమద్ది కిందికి వచ్చింది. గవరయ్య కింది కొమ్మమీద కూర్చుని ఉన్నాడు. చిటారుకొమ్మ ఎక్కడం మానేసి చాన్నాళ్లయింది.

"మామా, ఒకటి అడుగుతాను. ఆ రోజు నీకు గడ్డి కనబడిందా?"

గవరయ్య అబద్ధమాడలేదు. "లేదమ్మా."

"మాకు చెబితే నిన్ను తీసేస్తామనుకున్నావా?"

"ముఖం చూసి నవ్వుతారనుకున్నాను."

ఆ పడుచు దుప్పి అతని ముఖంలోకి నిదానంగా చూసింది. పొరకమ్మిన కన్ను, జారిపోయిన చర్మం, అన్నీ చూసింది. నవ్వలేదు.

"ఆగమంటే ఇంకాస్సేపు దాహంతో నిలబడేవాళ్లం మామా," అంది. "అంతే కదా."

అని తిరిగి మందలో కలిసిపోయింది. గవరయ్య మంచికంటితో వాటిని చూస్తూ కూర్చున్నాడు, ఆఖరి తోక కొండ దాటేదాకా.

కంటికి చూపే అందం, కావలికి నిజమే కన్ను.