నాంచారమ్మ మిషనుకి సూది

అనగనగా ఒక ఊళ్ళో ఒక కుట్టుమిషను ఉండేది. రాజుగారి కథ నిన్నటితో అయిపోయింది కదా, ఇవాళ మిషను కథ వినాలి. కాళ్ళు ఆడించకుండా పడుకో. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. వచ్చినా నీ మీద కాదులే, భయపడకు.

ఆ మిషను నాంచారమ్మది. నల్లటి ఒళ్ళు, ఒంటి నిండా బంగారు రంగు తీగలు. నాంచారమ్మ అరచెయ్యి ఆనే చోట మాత్రం తీగలు అరిగిపోయాయి. కింద కాళ్ళతో తొక్కాలి. లోపల పడవలాంటి చిన్న షటిలు దారం మోసుకుని అటూ ఇటూ తిరిగేది. ఊళ్ళో సగం మంది జాకెట్లు దాని మీద కుట్టినవే.

నాంచారమ్మకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు పానకాలు, వేరే కాపురం. చిన్నవాడు అంకయ్య. మంచివాడే గానీ, అన్నగారి ముందు నోట్లోంచి మాట ఊడిపడదు. అంకయ్య పెళ్ళాం పేరిందేవి. అత్తగారి పక్కన పీట వేసుకుని కూర్చుని, చూసి చూసి కుట్టు నేర్చుకుంది. ఆ తర్వాత అత్తగారికి చూపు మందగిస్తే తనే కుట్టి ఇల్లు నడిపింది.

కుట్టడం కోడలిదైనా సూది బిగించడం మాత్రం అత్తగారిదే. కళ్ళు కనపడకపోయినా సరే, సూదిని బొటనవేలి గోటితో పైనుంచి కిందికి ఒకసారి రాసి, ఆ తర్వాత బిగించేది. ముసలామె చాదస్తం అనుకునేది పేరిందేవి.

నాంచారమ్మ దగ్గర నల్లగుడ్డ ఉండ ఒకటి ఉండేది, సూదులు గుచ్చుకోడానికి. తల దువ్వినప్పుడు రాలిన జుట్టంతా అందులో కూరేది. తలనూనె జిడ్డుంటే సూది తుప్పు పట్టదని.

అప్పుడు నాంచారమ్మ మంచాన పడింది. ఏడాది పాటు పేరిందేవికి ఆమె చాకిరీతోనే సరిపోయింది, మిషను మూలన పడింది. పోయేముందు నాంచారమ్మ కొడుకులిద్దర్నీ పిలిచి, ఈ మిషను చేత ఎవరు కుట్టిస్తే అది వాళ్ళది అని చెప్పింది. చెప్పి కళ్ళు మూసుకుంది.

పదకొండో రోజు అయిపోయింది. ఇరుగమ్మా పొరుగమ్మా వచ్చి, పోయినవాళ్ళ జుట్టు ఇంట్లో ఉంచుకుంటే అరిష్టం అని చెవిలో ఊదారు. అప్పుడే సవరాల ముత్యాలు వీధిలో కేకేసుకుంటూ వెళుతోంది. చిక్కు వెంట్రుకలు తీసుకుని పిన్నీసులూ రిబ్బన్లూ ఇచ్చే మనిషి. పేరిందేవి ఉండని తిప్పి చూసింది. పైన ఒక్క సూదీ లేదు. సరే అని ముత్యాలుకి ఇచ్చేసి, ఒక గుత్తి పిన్నీసులు తీసుకుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకో, మళ్ళీ పని పడుతుంది.

ఆ తర్వాత పానకాలు దిగాడు. వస్తూనే మిషను దగ్గరికెళ్ళి దుమ్ము దులిపాడు. ఆముదం తెచ్చి చిల్లు కనపడ్డ చోటల్లా పోశాడు. ఆముదం మిషనుకి పోస్తారా ఎక్కడైనా? బంకలా పట్టేసింది. అది చాలదన్నట్టు చక్రం పట్టుకుని బలవంతాన వెనక్కి తిప్పాడు. టప్పున సూది విరిగింది. మిషనుకి ఉన్నది ఆ ఒక్క సూదే.

సూది విరగ్గొట్టినవాడు సిగ్గుపడాలా వద్దా? వాడు సిగ్గుపడలేదు. చూశారా, ఇది చచ్చిపోయింది అన్నాడు. బజారులో కొత్తగా బట్టల షోరూం పెడుతున్నారట, వాకిట్లో అద్దాల పెట్టెలో ఈ మిషను పెట్టి పూలదండ వేస్తారట. మేనేజరుకి మాట కూడా ఇచ్చేశాడట. బతికున్నదానికి దండ వేస్తారా ఎవరైనా? నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

పేరిందేవి అత్తగారి మాట గుర్తుచేసింది. ఇంట్లో పొయ్యి వెలిగేది దీనితోనే కదా అని కూడా అంది. పానకాలు నవ్వాడు. శుక్రవారం పొద్దున వస్తాం, అప్పటికి ఒక్క కుట్టు కుట్టి చూపించు, మిషను నీ దగ్గరే ఉంచుకో అన్నాడు. అంకయ్య గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. గోడ మీద ఏముందో మరి.

అప్పుడు పేరిందేవి కొంగు బిగించింది. కిరసనాయిలు తెచ్చి, కోడి ఈకతో సందు సందూ కడిగింది. పాత బ్రష్షుతో పళ్ళచక్రాలు తోమింది. రెండు రోజులకి జిడ్డంతా నల్లగా కారిపోయింది. మిషను నూనె రెండేసి చుక్కలు వేసి తిప్పితే చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. ఇంక కావలసింది సూది ఒక్కటే.

మొదట మిషన్ల షాపుకి వెళ్ళింది. విరిగిన సూది ముక్కలు కాగితంలో చుట్టి పట్టుకెళ్ళింది. షాపాయన ఆ కాగితం విప్పను కూడా విప్పలేదు. ఆ సూదులు రావడం మానేసి ఎన్నో ఏళ్ళయింది, మోటారు మిషను కొనుక్కో అన్నాడు.

ఆ తర్వాత మెకానిక్కుని తీసుకొచ్చింది. వాడు ఇప్పటి పొట్టి సూది ఒకటి తెచ్చి, పొడుగు చాలక కిందికి లాగి బిగించాడు. నాలుగు తొక్కులు తొక్కేసరికి షటిలుకి తగిలి అదీ విరిగింది. తప్పు సూదిది కదా? కాదట, మిషనుదట. పనికిరాదు అని చీటీ రాసి, అడగకుండానే తీసుకెళ్ళి పానకాలు చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత టైలర్లకి పెద్ద అనిపించుకునే ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆ సూదులు తన దగ్గర డబ్బా నిండా ఉండేవట, మొన్ననే చెత్తలో పారబోశాడట. పారబోస్తే పారబోశాడు, పైగా మీ ఇంట్లో మగాళ్ళు లేరా, నువ్వొచ్చావేంటి అని అడిగాడు. ఉన్నాడమ్మా మగాడు, గోడకేసి చూస్తున్నాడు!

పేరిందేవికి దారిలో ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆలోచించింది. అత్తగారు మిషను షాపు గడప తొక్కి పదేళ్ళయింది. మరి సూది విరిగినప్పుడల్లా కొత్తది ఎక్కణ్ణుంచి తీసేది? ఆ నల్ల ఉండని ఒళ్ళో పెట్టుకుని, పిసికి పిసికి తీసేది. సూదులు పైన ఉండవు, జుట్టులోకి మునిగిపోతాయి. అవి లోపలున్నాయని ముసలామెకి తెలుసు. చూడ్డానికి మాత్రం ఉత్త ఉండ.

అమ్మో, దాన్ని తన చేత్తోనే ఇచ్చేసింది. అప్పుడు వచ్చింది చూడు పేరిందేవికి కోపం. షాపాయన మీద కాదు, పానకాలు మీదా కాదు, తన మీద తనకే. అత్తగారి జుట్టు అరిష్టం అంటే ఎలా తలాడించాను అని నెత్తి కొట్టుకుంది.

అప్పుడు ఒకటే పరుగు. ముత్యాలు గుడిసె రైలుగేటు అవతల. గురువారం సాయంత్రం, ఇంకా వెలుతురుంది. ముత్యాలు వాకిట్లో కూర్చుని సవరాలు అల్లుతోంది. పేరిందేవి ఆయాసపడుతూ సంగతంతా చెప్పింది.

ముత్యాలు బొటనవేలు చూపించింది, దాని మీద ఇంకా మానని గీత. ఉండ విప్పుతుంటే గుచ్చుకుందట. లోపల మూడు సూదులు దొరికాయట. లోపలికెళ్ళి, వాటిని గుచ్చి దాచిన గుడ్డముక్క తెచ్చింది. సూది చేతికివ్వకూడదు కదా, గడప మీద పెట్టింది.

బదులు ఏమిచ్చుకోవాలని పేరిందేవి అడిగింది.

"నేను తీసుకుంది జుట్టమ్మా. సూదులు నేను తీసుకోలేదు. మీ వీధికి వచ్చినప్పుడు ఇద్దామనే దాచాను," అంది ముత్యాలు.

విన్నావా? షాపులున్నవాళ్ళకీ, పెద్దలనిపించుకున్నవాళ్ళకీ రాని మాట అది. వాళ్ళందర్నీ వరసగా నిలబెట్టి ఈ మాట వినిపించాలని ఉంటుంది నాకు.

పేరిందేవి ఇంటికొచ్చి మొదటి సూది బిగించింది. దారం ఎక్కించి తొక్కితే ఒక కుట్టు పడితే మూడు తప్పాయి. ఇప్పటి సూదుల తల ఒక పక్క చదునుగా ఉంటుంది, ఎటు పెట్టాలో అదే చెబుతుంది. ఆ పాత సూది తల చుట్టూ గుండ్రం, ఎటు తిప్పినా బిగుస్తుంది. సరిచేద్దామని తిప్పుతుంటే మర ఎక్కువ బిగిసి ఆ సూది విరిగింది. పొద్దున్నే లేచి రెండోది పెట్టింది. అది వంకరపోయి ముక్కలైంది. ఇంక మిగిలింది ఒకటి.

అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. పానకాలు, షోరూం మేనేజరు దిగారు. మిషనుని మూటగట్టడానికి పాత దుప్పటి ఒకటి తెచ్చారు. మేనేజరు చేతిలో బంతిపూల దండ కూడా ఉంది. పానకాలు ఏమంటున్నాడో తెలుసా, కిందున్న విరిగిన ముక్కలు చూసి, పాపం ఆడకూతురు, ఎందుకీ శ్రమ అంటున్నాడు. విరగ్గొట్టినవాడే జాలిపడుతుంటే ఒళ్ళు మండదూ?

పేరిందేవి చివరి సూది చేతిలోకి తీసుకుంది. అప్పుడు అత్తగారు చేసినట్టే, బొటనవేలి గోటితో పైనుంచి కిందికి మెల్లగా రాసింది. ఒక పక్క నున్నగా జారింది. తిప్పి రాసింది. రెండో పక్క గోరు సన్నటి గాడిలో పడి చివరిదాకా సాగింది. దారం వచ్చేది ఆ గాడిలోంచే. దారం ఎక్కించే వైపుకే గాడి ఉండాలి. గుడ్డి కళ్ళతో ముసలామె వెతుకుతున్నది దాన్నే, చాదస్తం కాదు.

గాడి అటు తిప్పి, మర ఎంత కావాలో అంతే బిగించింది. వాళ్ళు తెచ్చిన దుప్పటి అందుకుని, మడిచి, సూది దగ్గర గుడ్డని నొక్కిపట్టే ఇనప పాదం కింద పెట్టి తొక్కింది. కుట్టు పడింది. పక్కన ఇంకోటి పడింది. చక్కగా, దగ్గర దగ్గరగా, చీమలబారులాగా సాగింది. ఒక అంచు కుట్టింది, రెండో అంచు కుట్టింది, పైన రెండు పట్టీలు వేసింది. దారం కొరికి పానకాలు చేతిలో పెట్టింది.

"ఖాళీ చేతులతో పంపడమెందుకని సంచి కుట్టాను బావగారూ. ఇందులో మిషను మాత్రం పట్టదు," అంది.

పానకాలు సంచి పట్టీ లాగి చూశాడు, కుట్టు ఊడలేదు. మేనేజరు ఆటోలో కూర్చున్నాడు. అప్పుడు అంకయ్య గొంతు సవరించుకుని, అన్నయ్యా, అమ్మ చెప్పిన మాట ఉంది కదా అన్నాడు. ఎప్పుడు? అంతా అయిపోయాక!

మేనేజరు బల్ల మీద దండ మర్చిపోయాడు. పేరిందేవి దాన్ని తీసుకెళ్ళి అత్తగారి ఫొటోకి వేసింది. ఆ తర్వాత ముత్యాలుకి భుజాన వేసుకోడానికి పెద్ద సంచి కుట్టిచ్చింది. ఆ తర్వాత తను దువ్వుకున్న జుట్టు దాచి, కొత్త ఉండ చేసుకుంది. చాదస్తం అని ఎవరన్నా అంటే గోరు చూపించేది.

ఇంక కళ్ళు మూసుకో.

కథ కంచికి, సంచి పానకాలింటికి.
గోరు గాడికి, దారం సూదికి.
కోపం అమ్మమ్మకి, కునుకు నీ కంటికి.